కెప్టెన్ గారు ఏడవలేదు

నేను మాటలు రాసిన మొట్టమొదటి శాస్త్రవేత్త నా తెలుగులో పలికిన మొదటి మాట "నాకు భయంగా ఉంది."

అసలు సినిమాలో ఆవిడ అన్నది అది కాదు. సముద్రం అడుగున ఒక గాజు గదిలో నిలబడి, గోడ మీది మీటరు చూసి, నీటి ఒత్తిడి ఎంత ఉందో ఒక అంకె చెప్పింది. అంతే. ఆ అంకెను తెలుగులో చెప్పబోతే ఆవిడ పెదాలు మూసుకున్నాక కూడా నా మాట మిగిలిపోతోంది. వెనక నిలబడ్డ స్టూడియో యజమాని, "అంకెలెవరికి కావాలండీ? భయపడ్డట్టు పెట్టేయండి, రెండు ముక్కల్లో అయిపోద్ది" అన్నాడు. పెట్టేశాను. తెర మీద ఆవిడ ముఖంలో భయం లేదు. గొంతులో మేం పెట్టాం.

అప్పటికి ఆ పని నాకు కొత్త. అంతకుముందు పదకొండేళ్ళు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పాను. మార్కులు బాగా పడతాయని పిల్లలంతా సంస్కృతం వైపు వెళ్ళిపోతుంటే ఏటికేడాది నా క్లాసులు తగ్గి, చివరికి ఒక్క సెక్షను మిగిలింది. ఆ వేసవి సెలవుల్లో ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, జూన్‌లో రానక్కర్లేదని మర్యాదగానే చెప్పారు. గవర్నర్‌పేటలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోకి మాటలు రాసేవాళ్ళు కావాలని మావారి స్నేహితుడొకాయన చెబితే వెళ్ళాను. కింద కరెంటు సామాన్ల హోల్‌సేల్ కొట్లు, పైన లాడ్జి, మధ్య అంతస్తులో స్టూడియో. భక్తి పాటలు, ఎన్నికలప్పుడు ఆటోల్లో తిప్పే ప్రచారం మాటలు, బట్టల కొట్ల ప్రకటనలు, వీటి మధ్య కేబుల్ ఛానళ్ళ కోసం విదేశీ సినిమాలు తెలుగు చేసేవాళ్ళు. మా వంతుకు వచ్చేవి ఎక్కువగా అంతరిక్షం, రాక్షసబల్లులు, బుద్ధి పుట్టిన యంత్రాలు.

ఆ సినిమాల్లో ఆడవాళ్ళకు పని తక్కువ. ఓడ నిండా మగవాళ్ళుంటే ఒక్కావిడ ఉండేది. తెల్లకోటు వేసుకుని వచ్చినా పది నిమిషాల్లో ఆ కోటు విప్పాల్సిన అవసరం ఏదో ఒకటి పడేది. బల్లి వెంటబడితే అందరూ పరిగెత్తేవాళ్ళు, కాలు మెలికపడి పడిపోయేది మాత్రం ఆవిడే. లోకం మునిగిపోతోందని అందరికన్నా ముందు కనిపెట్టేదీ ఒక్కోసారి ఆవిడే, అయినా ఆ సంగతి హీరో నోటి నుంచి వచ్చేదాకా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మరమనిషి చెప్పిన మాట వినే రకమైతే తప్పకుండా ఆడరూపమే. వినడం మానేస్తే చివర్లో కాల్చేసేవాళ్ళు.

తప్పంతా సినిమాలదే అనడానికి నాకు నోరు లేదు. అసలులో లేని బేలతనం నేను కలిపాను. "ఆ తలుపు మూసెయ్" అన్నచోట "నాకేం తోచడం లేదు" అని రాశాను. "జాగ్రత్త" అన్నచోట "నన్ను వదిలి వెళ్ళకు" అని రాశాను. పెదాలకు సరిపోయింది. యజమాని మెచ్చుకుని ఇంకో సినిమా ఇచ్చాడు.

ఆ ఆడవాళ్ళందరికీ గొంతు మాత్రం ఒక్కావిడే ఇచ్చేది. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. సత్యనారాయణపురం నుంచి స్కూటీ మీద వచ్చేది. మాటలన్నీ అయ్యాక సినిమాలో ఉన్న కేకలన్నీ ఏరి చివర్లో ఒకేసారి రికార్డు చేసేవాళ్ళు, ఎందుకంటే కేకలు పెట్టాక ఆ రోజుకు ఆవిడ గొంతు మరి పనికొచ్చేది కాదు. బల్లిని చూసి ఒక కేక, పాలిపోయిన శవాన్ని చూసి ఒక కేక, కింద పడేటప్పుడు పొడుగ్గా ఒకటి. అయ్యాక బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, మాట్లాడకుండా చేత్తో వస్తానని సైగ చేసి మెట్లు దిగేది.

ఏళ్ళు గడిచాయి. కేబుల్ సినిమాలు తగ్గి, ఫోన్లలో చూసే సిరీస్‌లు వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ కంపెనీ నాకు పని పంపడం మొదలుపెట్టింది. పటమటలో మా ఇంటి ముందు గదిలోనే కూర్చుని రాస్తున్నాను. పోయినేడాది వాళ్ళు ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ ఒకటి ఇచ్చారు. భూమికి బహుదూరంలో ఉన్న గ్రహానికి విత్తనాలు తీసుకెళ్ళే ఓడ కథ. నలభైమంది సిబ్బంది. కెప్టెన్ యాభై దాటిన ఆవిడ. నెరిసిన జుట్టు కత్తిరించుకుని, అస్తమానం చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంది. మొదటి ఎపిసోడ్ చూస్తున్నంతసేపూ ఈవిడ ఎప్పుడు కాలు జారి పడుతుందా అని ఎదురుచూశాను. పడలేదు. రెండో ఎపిసోడ్‌లోనూ పడలేదు. అప్పుడు గాని నా భుజాలు కిందికి దిగలేదు.

మాటలు రాయబోతే మాత్రం మొదటి పేజీలోనే చిక్కు వచ్చింది. ఓడను నడిపే కంప్యూటర్ ఒకటుంది, దానికి ఆడగొంతు. ఒక ఇంజనీరు ఇంకో ఇంజనీరుతో "వద్దంది" అనాలి. ఎవరు వద్దంది, కెప్టెనా, కంప్యూటరా? ఇంగ్లీషులో మనిషికి ఒక మాట, యంత్రానికి ఒక మాట ఉన్నాయి. మనకు మగవాడైతే "వచ్చాడు", ఆడమనిషైతే "వచ్చింది". కుర్చీ, కుక్క, బస్సు, కంప్యూటరు, అన్నీ "వచ్చింది"లే. పదకొండేళ్ళు మహత్తు అంటే మగవాళ్ళు, అమహత్తు అంటే మిగతావన్నీ అని బోర్డు మీద రాసి చెప్పినదాన్ని, ఒక్కరోజూ నాకిది చిక్కుగా తోచలేదు. ఇంట్లో "అమ్మ వచ్చింది" అంటే అందులో చనువే గాని చులకన లేదు. కానీ ఇక్కడ నలభైమంది ప్రాణాలు మోసే మనిషికీ, గోడలో ఉన్న యంత్రానికీ ఒకే క్రియ. ముందు "ఆమె" అనో "అది" అనో తగిలిద్దామంటే పెదాల మీద చోటు లేదు.

ఒక పూటంతా కొట్టేసి, రాసి, మళ్ళీ కొట్టేసి, చివరికి కెప్టెన్‌కు "వద్దన్నారు" అని పెట్టాను. కంప్యూటర్‌కు "వద్దంది" వదిలేశాను. చిక్కు విడిపోయింది. అలా మొదలుపెట్టాక సిబ్బంది అంతా ఆవిడను "మీరు" అనక తప్పలేదు. అనిపించాను.

మొదటి ఎపిసోడ్ రాసి పంపిన మూడో రోజు హైదరాబాద్ నుంచి సూపర్‌వైజర్ గారు ఫోన్ చేశారు. నాకంటే చిన్నవారు, పని తెలిసినవారు, ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడతారు.

"స్క్రిప్టు బాగుంది మేడమ్. ఆ మీరు, గారు మాత్రం తీసేయండి. అత్తగారితో మాట్లాడుతున్నట్టుందండీ. కెప్టెన్‌ని నువ్వు అనిపిద్దాం, ఫ్రెండ్లీగా ఉంటుంది."

"పోయినసారి చేసిన సిరీస్‌లో కెప్టెన్‌ని మీరు అనే అనిపించాం కదండీ?"

"ఆయన మగాయన కదండీ" అన్నారు. అన్నాక తనకే ఎలాగో అనిపించిందేమో, "అంటే, ఆయన బాడీ లాంగ్వేజ్ వేరు మేడమ్" అని సర్దుకున్నారు. "ఇంకోటి. నాలుగో ఎపిసోడ్‌లో మనిషి కొట్టుకుపోయే సీనుంది కదా, అక్కడ ఒక డైలాగ్ కావాలి."

ఆ సీను నాకు బాగా గుర్తుంది. ఓడ బయట మరమ్మతు చేస్తున్న మనిషి తాడు తెగి చీకట్లోకి కొట్టుకుపోతాడు. కెప్టెన్ కిటికీ దగ్గర నిలబడి చూస్తుంది. పదకొండు సెకన్లు. ఒక్క మాట లేదు, సంగీతం కూడా లేదు. తర్వాత వెనక్కి తిరిగి ఎవరేం చెయ్యాలో చెబుతుంది.

"ఆ గ్యాప్ మన ఆడియన్స్‌కి మరీ చప్పగా ఉంటుందంటున్నారండీ పైవాళ్ళు. 'కెప్టెన్ని అయితే మాత్రం ఏం, నేనూ ఆడదాన్నే కదా' అని ఒక ముక్క. గొంతు వణకాలి. అప్పుడే కనెక్ట్ అవుతారు."

"ఆవిడ నోరు మూసుకుని ఉంది కదండీ."

"వీపు కనిపించే షాట్ ఉంది మేడమ్. దాని మీద వేసేద్దాం."

ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను. కోపం వచ్చిందని రాస్తే బాగుంటుంది గాని నిజం కాదు. నాకు సిగ్గేసింది. ఆయన అడిగిన వాక్యం నా చేతి అలవాటే. అయిదేళ్ళ కిందటైతే ఎవరూ అడగకుండానే నేను రాసిచ్చేదాన్ని.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ వాక్యం వద్దనుకుంటే సరిపోదు, కెప్టెన్ తర్వాత ఇచ్చే ఆజ్ఞలు తెలుగులో పలకాలి. ఒక ఆడమనిషి నలభైమందికి పని పురమాయిస్తే ఏ మాటలు వాడుతుంది? కథల్లో, సీరియళ్ళలో వెతికితే అరిచే జమీందారిణులే తప్ప ఎవరూ తగల్లేదు. నాకు తెలిసినవాళ్ళలో అలాంటి పని చేసింది ఒక్కరే, మా పెద్దమ్మ. మర్నాడు పొద్దున్నే పటమటలో బస్సెక్కి, కంకిపాడు మీదుగా ఉయ్యూరు వెళ్ళాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. డెబ్బై నాలుగేళ్ళు. పొరుగు జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరి, చీఫ్ కెమిస్టుగా రిటైరయ్యాక ఉయ్యూరు వచ్చి స్థిరపడింది. నేను వెళ్ళేసరికి వంటింటి కుళాయికి వాషరు మారుస్తోంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతిలో స్పానరు పట్టుకుని, "రావే, ఆ టార్చిలైటు ఇటు పట్టు" అంది. పట్టుకున్నాను.

"పెద్దమ్మా, నీ కింద మగవాళ్ళు నిన్నేమని పిలిచేవాళ్ళు?"

"ఎదురుగానా, వెనకానా?"

"రెండూ చెప్పు."

"వెనక ఏమనేవాళ్ళో నీకెందుకులే. ఎదురుగా మొదటి సీజన్లో 'అమ్మాయి'. 'లాబ్ అమ్మాయి చెప్పింది' అనేవాళ్ళు. చెరకు రసంలో సున్నం ఎక్కువ పడుతోంది, తగ్గించండని చీటీ రాసి పంపితే, అక్కడుండే పెద్ద మేస్త్రీ ఆ చీటీ చెవి మీద పెట్టుకునేవాడు, బీడీ పెట్టుకున్నట్టు. చదివేవాడు కాదు."

"మరి ఎప్పుడు మారారు?"

"ఒకరోజు చీటీ మానేసి నేనే కిందికి దిగా. 'మేస్త్రీ గారూ, సున్నం కుళాయి కట్టండి' అన్నా. ఆయన కట్టలా. నేనే కట్టా. చేతులు బొబ్బలెక్కినయ్యి. ఆ పూట పంచదార తెల్లగా దిగింది. మర్నాటి నుంచి ఆయన 'మేడం గారు చెప్పారు' అనడం మొదలుపెట్టాడు. ఆయన ఒక్కడే. మిగతావాళ్ళకి 'రు' రావడానికి ఏడేళ్ళు పట్టింది."

"గట్టిగా అరిచేదానివా?"

"మిల్లు చప్పుట్లో అరిస్తే ఎవరికి వినపడుద్దే? దగ్గరికెళ్ళి చెప్పాలి. తక్కువ ముక్కల్లో చెప్పాలి. గారు మాత్రం వదలకూడదు. 'ఏవయ్యా' అంటే ఎదురు తిరుగుతారు. 'గారూ' అని పిలిచి పని చెబితే కాదనడం కష్టం."

ఆ మాట వెంటనే ఫోన్‌లో రాసుకున్నాను. తర్వాత నాలుగో ఎపిసోడ్ సంగతి చెప్పాను. మనిషి కొట్టుకుపోవడం, కెప్టెన్ మాట్లాడకుండా నిలబడటం, వాళ్ళు అడుగుతున్న వాక్యం. పెద్దమ్మ స్పానరు గట్టు మీద పెట్టింది.

"మా దగ్గర ఒకసారి ఆవిరి గొట్టం జాయింటు ఊడిపోయింది. కింద ఉన్నాయన ఒళ్ళు కాలింది. నేనక్కడే ఉన్నా."

ఈ సంగతి ఎప్పుడూ మాకు చెప్పలేదు. "ఏడ్చావా?" అని అడిగాను.

"ఎప్పుడు ఏడవమంటావ్? ఆవిరి కట్టించాలి. మనిషిని జీపెక్కించాలి. గేటు దగ్గర జనం గుమిగూడారు, వాళ్ళతో మాట్లాడాలి. వాళ్ళావిడ దగ్గరికి నేనే వెళ్ళి చెప్పా. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నా. నాలుగో రోజు డాక్టరు గారు ఇక ప్రాణభయం లేదన్నారు. అప్పుడు ఆస్పత్రి మెట్ల మీద కూచుని ఏడ్చా. అందరూ చూశారు. చూస్తే చూశారు."

"ఆ మూడు రోజులూ నిన్నెవరూ ఏమీ అనలేదా?"

"అనకేం. రాతిగుండె అన్నారు."

"'నేనూ ఆడదాన్నే కదా' అని ఎవరితోనైనా అన్నావా ఎప్పుడైనా?"

పెద్దమ్మ నవ్వింది. "ఆ ముక్క చెప్పడం దేనికే? కనపట్టంలా వాళ్ళకి?"

మధ్యాహ్నం భోజనం పెట్టి గాని పంపలేదు. బస్సులో కూర్చున్నాక ఆ ఎపిసోడ్ మొత్తం నాకు తెలుగులో వినిపించడం మొదలైంది. ఇంటికి చేరేసరికి సగం రాసేశాను. అరుపులు లేవు, సవాళ్ళు లేవు. "పని మీద ఉన్నవాళ్ళు కదలకండి. మిగతావాళ్ళు నాతో రండి." "ఇంజనీరు గారూ, రెండో తాడు చూడండి." పదకొండు సెకన్ల దగ్గర ఏమీ రాయలేదు. ఎనిమిది ఎపిసోడ్లూ పూర్తిచేశాక సూపర్‌వైజర్ గారికి పంపుతూ కింద ఒక మాట చేర్చాను: అక్కడ డైలాగ్ నా చేత కాలేదండీ, తప్పనిసరి అయితే ఇంకెవరి చేతైనా రాయించుకోండి, మీరు అనేవన్నీ మాత్రం ఉంచమని మనవి.

పంపాక ఫోన్ తెరిచి ఆ మాట మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. తెలుగు లెక్చరరుగా ఒకసారి పని పోగొట్టుకున్నదాన్ని. ఆ జూన్ నెలలో పొద్దున్నే తయారై ఎక్కడికి వెళ్ళాలో తెలియక వరండాలో కూర్చున్న రోజులు నాకు గుర్తే. మావారు, "ఒక్క వాక్యమే కదా, రాసిచ్చేస్తే పోయేది" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. హైదరాబాద్ నుంచి "సరే మేడమ్" అని రెండు ముక్కల జవాబు వచ్చింది. తర్వాత ఎనిమిది రోజులు ఏమీ లేదు. ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. గ్యాస్ సిలిండర్ వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, మా ఆడపడుచు.

తొమ్మిదో రోజు కబురొచ్చింది. కెప్టెన్ మాటల రికార్డింగ్ విజయవాడలోనే, గవర్నర్‌పేట పాత స్టూడియోలోనే పెడుతున్నారట. కారణం కెప్టెన్‌కు గొంతు ఇస్తున్నది మా అక్క. ఇరవై ఏళ్ళ కేకలతో గొంతు గరుకెక్కి, హీరోయిన్లకు పనికిరాదని ఆవిడను పక్కన పెట్టేశారు. కొన్నాళ్ళుగా బట్టల కొట్ల ఆఫర్లు చదువుతోంది. కెప్టెన్ కోసం గొంతులు పరీక్షిస్తే ఆ గరుకే సరిపోయిందట. నాకు తెలియనే తెలియదు. అక్కే ఫోన్ చేసి చెప్పింది.

"స్క్రిప్టు మొత్తం చదివానమ్మా. ఎక్కడా కేక లేదేంటి? పేజీలు కొన్ని రాలేదేమో అనుకున్నా."

"లేవక్కా. అంతే."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"సరే. అయితే కరక్కాయ ఇంట్లో పెట్టి వస్తా" అంది.

నాలుగో ఎపిసోడ్ రోజున సూపర్‌వైజర్ గారు పొద్దున రైల్లో దిగారు. నన్నూ రమ్మన్నారు. స్టూడియో మెట్లెక్కుతుంటే నాకు పరీక్ష హాల్లోకి వెళ్తున్నట్టుంది. ఆయన మామూలుగానే పలకరించి, టీ తెప్పించి, మడిచిన కాగితం ఒకటి అక్క చేతికిచ్చారు. ఆ వాక్యం ఆయనే రాసుకొచ్చారు. "రెండు రకాలుగా తీద్దామండీ. ముందు మేడమ్ రాసినట్టు, తర్వాత ఇది కలిపి. విని ఏది బాగుంటే అది."

అక్క అద్దాల గదిలోకి వెళ్ళింది. ఏసీ ఆపేశారు. మొదట నాది. తెర మీద మనిషి కొట్టుకుపోయాడు. పదకొండు సెకన్లు అక్క మైకు ముందు ఊరికే నిలబడింది, ఊపిరి కూడా వినిపించనీయలేదు. తర్వాత మామూలు గొంతుతో, "పని మీద ఉన్నవాళ్ళు కదలకండి" అంది. సౌండ్ ఇంజనీరు బొటనవేలు చూపించాడు.

తర్వాత ఆయన కాగితం. అక్క కళ్ళు మూసుకుంది. "కెప్టెన్ని అయితే మాత్రం ఏం..." అని ఆగి, గుక్క మింగి, "నేనూ ఆడదాన్నే కదా" అంది.

చెప్పక తప్పదు. చాలా బాగా చేసింది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. ఆ పాడు వాక్యం పని చేస్తోంది, ఇన్నేళ్ళూ పని చేసింది కాబట్టే ఇన్నేళ్ళూ రాశాను. అయిపోయిందనుకున్నాను. సంచి భుజానికి తగిలించుకోబోయాను.

అప్పుడు మైకులోంచి అక్క గొంతు. "ఏవండీ, ఒక డౌటు. ఆరో ఎపిసోడ్‌లో ఆ ఇంజనీరు నా మీద అరుస్తాడు కదండీ, 'మనిషి పోతే ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు మీరు' అని. ఇక్కడ ఇట్టా ఏడిస్తే అక్కడ అతను అట్టా ఎట్టా అంటాడండీ? పక్కనే నిలబడి విన్నాడుగా."

సూపర్‌వైజర్ గారు గబగబా ఆరో ఎపిసోడ్ పేజీలు తిరగేశారు. ఒకసారి చదివారు, వేలు పెట్టి మళ్ళీ చదివారు. ఆ మాట రాసింది నేనే, అయినా నాకు తట్టలేదు. ఈ సిరీస్ మొత్తం ఆ ఆరో ఎపిసోడ్ మీదే నిలబడింది. అక్కడ కెప్టెన్ జవాబు చెప్పదు, ఏడెనిమిది నిమిషాల తర్వాత ఆవిడ గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు గాని మనకు తెలియదు ఏం మోస్తోందో.

ఆయన కాగితాలు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, ఒక్కసారిగా నవ్వేశారు. "హమ్మయ్య" అన్నారు.

నేను ఆయన వంక చూశాను.

"నాకూ ఇష్టం లేదు మేడమ్ ఆ లైను. పైవాళ్ళకి 'బాలేదు' అని చెబితే వినరండీ. మీ మెసేజ్ చూశాక ఇన్ని రోజుల నుంచీ ఏం చెప్పాలా అని నా తల తినేస్తోంది. 'కథ తెగిపోతుంది, ఆరో ఎపిసోడ్ రీషూట్ చెయ్యాలి' అంటే నోరెత్తరు." అక్కడి నుంచే ఫోన్ చేసి, రెండు నిమిషాలు మాట్లాడి, బొటనవేలు ఎత్తారు. "మీరులు కూడా ఉంచేద్దాం మేడమ్. ఒక్కటి మాత్రం. ఆ ముసలి డాక్టరు, ఆవిడకి చిన్నప్పటి స్నేహితుడు కదా, ఆయన చేత నువ్వు అనిపించండి. ఆయన మీరు అంటుంటే వాళ్ళిద్దరి మధ్య ఏదో గొడవ జరిగినట్టుంది."

ఆయన చెప్పింది సరైనదే. నేను పట్టుదలలో పడి అందరికీ ఒకే తూకం వేశాను. అక్కడే కూర్చుని డాక్టరు మాటలన్నీ మార్చాను. ఆశ్చర్యంగా, ఆ ఒక్క "నువ్వు" రాగానే మిగతా "మీరు"లన్నింటికీ బరువొచ్చింది.

సాయంత్రం అయిదింటికి పని అయింది. అక్కా నేనూ మెట్లు దిగి సందు చివర బండి దగ్గర పునుగులు తీసుకున్నాం. ఆటోలు, స్కూటర్లు ఒరుసుకుంటూ పోతున్నాయి. అక్క ఆపకుండా మాట్లాడుతోంది, వాళ్ళ కోడలి సంగతి, స్కూటీ బ్యాటరీ సంగతి, అల్లం చట్నీలో ఉప్పు సంగతి. కాసేపటికి తనే ఆగి, "చూశావా?" అంది.

"ఏంటక్కా?"

"రికార్డింగ్ అయ్యాక మాట్లాడుతున్నా."

ఇద్దరం రోడ్డు మీదే పడి పడి నవ్వాం. ఆ నవ్వులో నాకు ఇన్ని రోజుల బరువు దిగిపోయింది. పునుగులు ఇంకో ప్లేటు చెప్పాను.

అంతా మన మాటే నెగ్గిందని మాత్రం కాదు. రెండు నెలల తర్వాత ట్రైలర్ వచ్చింది. అందులో, కిటికీ దగ్గర కెప్టెన్ వీపు మీద, "నేనూ ఆడదాన్నే కదా" అని అక్క గొంతు! ఆ రోజు తీసిన రెండో టేకు ఎవరో దాచి ట్రైలర్‌కు వాడేశారు. ఒళ్ళు మండి సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేస్తే, ట్రైలర్ డిపార్ట్‌మెంటు వేరే మేడమ్, నేనూ ఇప్పుడే చూశానన్నారు. అక్క మాత్రం తేలిగ్గా తీసుకుంది. "పోనీలేమ్మా. ఏడుస్తుందనుకుని వచ్చినవాళ్ళయినా కూర్చుని చూస్తారు కదా."

సిరీస్ విడుదలైన వారానికి పెద్దమ్మ కళ్ళ పరీక్షకని మా ఇంటికి వచ్చింది. టీవీలో పెట్టి చూపించాను. నా మాటల గురించి ఏమంటుందోనని పక్కన కూర్చుంటే, ఆవిడ ధ్యాసంతా వేరే. "ఆ లాబ్‌లో చేతులకి గ్లౌజులు లేకుండా తిరుగుతున్నారేంటే? అంత పెద్ద ఓడ కట్టారు, జత గ్లౌజులు కొనలేదా?" అంది. కంప్యూటర్ మరీ ఎక్కువ మాట్లాడుతోందంది. మొక్కల గదిలో నీళ్ళు పోసే పద్ధతి తప్పంది.

నాలుగో ఎపిసోడ్‌లో తాడు తెగింది. పెద్దమ్మ కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది. పదకొండు సెకన్లు గడిచాయి. కెప్టెన్ వెనక్కి తిరిగి పనులు పురమాయిస్తోంది.

"ఆ పోయినాయన ఇంటావిడకి ఎవరు చెబుతారు?" అని అడిగింది.

"ఆవిడా ఆ ఓడలోనే ఉంది. చూడు, కెప్టెన్ వెళ్తుంది" అన్నాను.

"ఆ" అంది. కాఫీ తాగేసింది. ఎపిసోడ్ అయిపోగానే నేను టీవీ కట్టబోతుంటే, "ఉండనీ. రేపు కళ్ళలో మందు వేస్తారు, ఇక చూపు సరిగ్గా ఆనదు, వినడమే. ఇంకోటి పెట్టు" అంది.